నాయనంత మూట

కర్నూలు కాలేజీలో చదివే నాగసుబ్బయ్య రోజూ పొద్దున్నే జొన్నల మూట వీపున వేసుకుని మిద్దె మెట్లు నలభైసార్లు ఎక్కి దిగుతాడు. పరీక్షల్లోనూ మానలేదు. కాళ్లు చచ్చుబడిన తండ్రిని మోసుకుని ఎగువ అహోబిలం ఎక్కాలని అతని పట్టుదల. అందుకే ఆయన్ను దుకాణం కాటాలో తూచి, సరిగ్గా అయిదు మణుగుల జొన్నలు కట్టుకున్నాడు. "పోదామా?" అని తండ్రి అడిగినప్పుడల్లా "ఇంకొంచెం బలం రానీ నాయనా" అనేవాడు. జబ్బుతో ఆయన చిక్కిపోసాగాడు. నెలకోసారి ఆయన్ను తూచి, ఆ బరువుకు సరిపడా తల్లి కన్యకమ్మ మూటలో జొన్నలు తగ్గించేది. "ఏమప్పా, కసరత్తు చేసేకొద్దీ మూట చిక్కిపోతాండాదే!" అని పక్కింటి తిరుమలయ్య ఎగతాళి చేసేవాడు.

నిన్న మూట మూడు మణుగులకు దిగింది. ఆయన ఇక ప్రయాణానికి తట్టుకోలేడని వైద్యుడు తేల్చేశాడు. అయినా ఈ పొద్దున నాగసుబ్బయ్య మూట ఎత్తాడు. సగం మెట్లెక్కి కూలబడ్డాడు.

"బరువైందా నాయనా?" అంది కన్యకమ్మ.

"లేదమ్మా. ఇంతే అయితే మొదటి దినమే మోసేవాణ్ణి గదా."