నీలిమందు కోడిపిల్ల, నాయిన ఫోనులో గరుడ

ముందే చెబుతున్నాను... నేను చదివింది ఏడో తరగతి వరకే. నోటుబుక్కులో రాసిస్తే మా ఆడబిడ్డ ఫోటో తీసి ఇక్కడ గ్రూపులో పెడుతోంది. అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటాయి. తప్పులుంటే ఏమీ అనుకోకండి... రాసేది కూడా కోళ్ళ సంగతే.

మా చిన్నప్పుడు... తెలంగాణ వచ్చిన కొత్తలో, హుజూర్‌నగర్ దగ్గర మా ఊళ్ళో, కోడి గుడ్లు పొదిగి పిల్లలను చేయగానే వాటికి రంగు పూసేవాళ్ళు. ఎవరి పిల్లలు ఎవరివో తెలియాలి కదా. మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, నీలిమందు కలిపి వీపు మీద పూసేది. దడి అవతలి ఇంటి సైదమ్మత్త పసుపు, సున్నం కలిపి పారాణిలా ఎర్రగా పూసేది. పూసేటప్పుడు పిల్లలను పట్టుకునేది నేనూ, సైదమ్మత్త బిడ్డ మౌనికా.

మౌనిక నా ఒక్కగానొక్క దోస్తు. నాకు నోరు తెరవాలంటే సిగ్గు... బడిలో నా మాటలు కూడా అదే మాట్లాడేది.

ఒక చలికాలం మా నీలి పిల్లలు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. అవ్వ దడి దగ్గర నిలబడి అడిగేసింది.

“ఏమే సైదమ్మా! నా పిల్లలు తక్కువైతానయ్, నీయి ఎక్కువైతానయ్. నీలం కడిగి ఎరుపు పూసుకున్నవా?”

“నీ పిల్లలకు తానం జేపిచ్చి రంగులేసుకుంట కూసోనీకి నాకేం పనిలేదా పెద్దమ్మా? ఏ గద్దనో ఎత్కపోయుంటది.”

“గద్దొస్తే నాకు తెల్వదా? పొద్దంత ఎండల వాకిట్లనే కూసుంటి.”

“కూసుంటివి... గురక వెట్టుకుంట!”

అంతే, రెండిళ్ళకూ మాటలు బంద్. మరునాడు బడిలో మౌనిక పుస్తకాల సంచి తీసుకుని వేరే వరుసలో కూర్చుంది. ఆ రోజు సారు ప్రశ్న అడిగితే నా తరఫున చెప్పేవాళ్ళే లేరు. ఇంటికొచ్చి పొయ్యి వెనక కూర్చుని ఏడ్చాను.

వారం తర్వాత నాయిన బండి మీద నేను కూడా హుజూర్‌నగర్ పోయాను. తిరిగి వస్తుంటే, కాలువ కట్ట దాటాక, రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద కూర్చుని ఉంది... గరుడ! తలా రొమ్మూ తెల్లగా, ఒళ్ళంతా ఇటుక రంగు. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

గరుడ కనబడితే మా దిక్కు లెంపలేసుకుని దండం పెట్టాలి. నాయిన బండి ఆపి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకున్నాడు. నేనూ చేతులు ఎత్తబోయాను... అప్పుడు కనబడింది, దాని గోళ్ళ కింద నీలం!

“నాయినా, ఫోను!”

“ముందు దండం వెట్టు బిడ్డా.”

“దాని కాళ్ళల్ల మన పిల్ల ఉంది నాయినా, జర సూడు!”

“కండ్లు మూసుకున్న గదనే, ఏం గనబడ్తది?”

ఆయన కొత్తగా కొన్న టచ్ ఫోను అది. మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం... అంగీ జేబులోంచి గుంజుకున్నాను. కానీ దండం పెట్టకపోతే కళ్ళు పోతాయని అవ్వ అనేది. ఫోటో తియ్యాలా, దండం పెట్టాలా? ఫోనును మధ్యలో పెట్టుకునే రెండు చేతులూ జోడించాను. నా అరచెయ్యి ఫోటో పడింది! రెండోసారి తీస్తే ఆకాశం పడింది. మూడోసారి ఒత్తేసరికి గరుడ రెక్కలు విప్పి లేచిపోయింది...

ఆ మూడోది పడింది. కొంచెం వంకరగా... పైన రెక్కలు, కాళ్ళల్లో నీలి పిల్ల, ఒక మూలన మా నాయిన జోడించిన చేతులు. దొంగతనమూ, దొంగకు దండమూ ఒకే ఫోటోలో!

ఇంటికి రాగానే అవ్వకు చూపించాను. ఆమె ఫోనును దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, గరుడను గుర్తుపట్టి ముందు ఫోనుకే లెంపలేసుకుంది. తర్వాత అడిగింది.

“ఆ కాళ్ళల్ల ఏందే అది?”

“నీ నీలిమందు అవ్వా...”

అవ్వ ఫోనును ఇంకా దూరం పెట్టి మళ్ళీ చూసింది. చివరికి, “అడిగితే నేనే ఇయ్యనా సామీ?” అని గొణిగింది.

దడి అవతల నుంచి సైదమ్మత్త అంతా వింటూనే ఉంది. “అట్లనే ఇడ్సిపెడ్తవా పెద్దమ్మా? ఎందుకు తీస్కపోయినవని సామిని గూడ దడికాడ నిలవెట్టి అడుగు!”

అవ్వ లేచింది. గంప కిందికి చెయ్యి పోనిచ్చి రెండు పిల్లలను తీసి, కొంగులో పట్టుకుని, దడి దాటి పోయింది. వాళ్ళ వాకిట్లో చతికిలబడి ఆ రెండింటినీ సైదమ్మత్త ఒళ్ళో వేసింది.

“ఇగో... వీటికి పారాణి నువ్వే వెట్టు.”

సైదమ్మత్త నవ్వు ఆపుకోలేకపోయింది. అవ్వకు చాయ్ పెట్టిచ్చింది. మౌనికా నేనూ పిల్లలను పట్టుకున్నాం. నీలం మీద ఎరుపు పూస్తే అవి ఏ రంగుకు వచ్చాయో మీరే ఊహించుకోండి...

ఇప్పుడు మక్తల్ దిక్కు మా అత్తగారిల్లు. ఇక్కడ కాలువ లేదు, గరుడ కనబడటమూ తక్కువే. కోడి కావాలంటే దుకాణంలో కోసి కవర్లో ఇస్తారు... దానికి రంగెందుకు? నాయిన ఫోను ఎప్పుడో పాడైంది, ఆ ఫోటో కూడా దానితోనే పోయింది. నా ఫోనులో ఇప్పుడు వెయ్యి ఫోటోలున్నాయి... దేనికోసమూ అంతగా గుండె కొట్టుకోలేదు. నా పెళ్ళికి కాళ్ళకు పారాణి పెట్టింది మాత్రం మౌనికే. పెడుతూ, “నీలం కడిగే పూస్తున్ననే!” అని నవ్వించింది.

మీ ఊళ్ళో కోడిపిల్లలకు ఏ రంగు పూసేవాళ్ళు? కింద రాయండి, అన్నీ చదువుకుంటాను. ఒక్క మాట... చదివినాక దీన్ని మీ ఫోన్లలోంచి తుడిచేయండి. మా ఆయన చూస్తే సిగ్గుతో చచ్చిపోతాను. దండం పెట్టి అడుగుతున్నాను...

ఈసారి ఫోను పక్కన పెట్టే, రెండు చేతులూ జోడించి.