డెమో క్లాసులో పప్పన్నం

అమీర్‌పేటలో దొరికే చదువులన్నీ చదివేసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. పేరు శివరాములు. వయసు అరవై నాలుగు. వృత్తి జాకెట్లు కుట్టడం. జావా, పైథాన్, క్లౌడ్, టెస్టింగ్, డేటా సైన్సు అంటూ మొత్తం నూట పద్నాలుగు కోర్సుల్లో కూర్చుని లేచాడు. ఏడో తరగతి గడప దాటని ఆ మనిషి అడిగిన డౌట్లకు సార్లు గుటకలు మింగారనీ, ఒకాయనైతే పెట్టేబేడా సర్దుకుని బెంగళూరు పారిపోయాడనీ బల్కంపేట సందుల్లో చెప్పుకుంటారు. పైగా ఈ చదువంతా ఆయన ఒక్క చేత్తోనే చదివాడు. రెండో చేతిలో పప్పన్నం ముద్ద ఉండేది.

ముద్ద మనవరాలు హరిణిది. ఏడాది పది నెలల పిల్ల. మామూలుగా నోరు తెరిస్తే ఎర్రగడ్డ దాకా వినబడుతుంది కానీ, అన్నం గిన్నె కనబడగానే ఆ నోటికి తాళం పడుతుంది. ఆ తాళానికి చెవి ఒక్కటే, ఫోను. తెర మీద ఏనుగు గంతులేస్తే ముద్ద లోపలికి పోతుంది. ఏనుగు ఆగితే ముద్దా ఆగుతుంది.

శివరాములుది సిరిసిల్ల. తండ్రి మగ్గం గుంటలో కూర్చుంటే, కొడుకు ఆ గుంట దాటి పట్నం వచ్చి ముప్పై అయిదేళ్లు లేడీస్ టైలర్‌గా బతికాడు. సూదిలో దారం ఎక్కించడానికి ముగ్గురి సాయం కావలసిన రోజున షట్టరు దించేశాడు. భార్య రాజమణి కూతురి కాన్పుకని సిరిసిల్ల వెళ్లి మూడు నెలలైంది. కొడుకు భానుచందర్ కొరియర్ కంపెనీకి తెల్లవారకముందే పోతాడు. కోడలు మంజుశ్రీ ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. అందువల్ల పగటిపూట హరిణి రాజ్యానికి మంత్రి, సేనాపతి, వంటవాడు, ఏనుగులవాడు అన్నీ శివరాములే.

ఆ రాజ్యానికి ఒకరోజు పొద్దున్నే ముప్పు వచ్చింది.

"మామయ్యా, నిన్న ఫోన్ చార్జింగ్ అయిపోతే పిల్ల ఏం చేసిందో చూసినవా?" అని అడిగింది మంజుశ్రీ.

"ఏం చేసింది బిడ్డా?"

"నోట్లకెళ్లి ముద్ద తీసి ఫోనుకు పెట్టింది."

"మంచి గుణమే గద. ఎదుటోళ్ల ఆకలి చూసింది."

మంజుశ్రీ నవ్వలేదు. బ్యాగులోంచి ఒక రంగుల కాగితం తీసి బల్ల మీద పరిచింది. పంజాగుట్టలో కొత్తగా తెరిచిన డే కేర్ కాగితం అది.

"వచ్చే ఒకటో తారీఖు దాంక చూస్త. ఫోన్ లేకుంట తినుడు నేర్చుకుంటే మంచిదే. లేకుంటే గీన్ల ఏస్త. ఆడ పొద్దుమూకే దాంక యాక్టివిటీలేనట."

"యాక్టివిటీ అంటే ఏంది?"

"పిల్లను ఆడిపిచ్చుడు, తిప్పుడు, కుషీగ ఉంచుడు."

"గంతేనా! అమీర్‌పేటల నాకు తెల్వని కుషీ ఉన్నదా? నువ్వు ఫికర్ చేయకు."

పైకి అలా అన్నాడు కానీ, కోడలు మెట్లు దిగాక గోడ గడియారం వైపు చూశాడు. పిల్ల డే కేర్‌కి పోతే పగలంతా ఇంట్లో మిగిలేది తనూ ఆ గడియారమూ. అది ఆగిపోయి కూడా ఆర్నెల్లయింది.

మర్నాటి నుంచి తాతా మనవరాలూ టిఫిన్ డబ్బాతో ఊరిమీద పడ్డారు. ముందు పార్కు. అది పిల్లలు నిద్రపోయే వేళకు తెరిచి, లేచే వేళకు తాళం వేసే పార్కు. తర్వాత పంజాగుట్ట మాల్‌లో జారుడుబండ. సాక్సు తొడిగితేనే లోపలికి రానిస్తామన్నారు, అదీ ఇద్దరికీ. శివరాములు పెళ్లికే సాక్సు తొడగలేదు. బయట ఎలుగుబంటి వేషం వేసిన మనిషి షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే హరిణి పెట్టిన కేకకు ఆ ఎలుగుబంటి తల తీసి చంకలో పెట్టుకుని, నీళ్లు తాగి, అలా మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయింది.

మెట్రో స్టేషన్ లిఫ్టు బాగానే పనిచేసింది. కిందికీ పైకీ, పైకీ కిందికీ. అయిదోసారికి గార్డు అడ్డం నిలబడ్డాడు.

"తాతా, ఎక్కిందే ఎక్కుతున్నవ్. అసలు ఎక్కడికి పోవాలె నువ్వు?"

"పిల్ల ఇంక చెప్పలేదే."

చీరల షాపులో మాత్రం రెండు ముద్దలు దిగాయి. మెత్తటి పరుపు, చల్లటి గాలి, సేల్స్‌మన్ విప్పి పారేస్తున్న చీరల కింద దూరి ఆడుతూ హరిణి నోరు తెరిచింది. అంతలో ఒకావిడ "ఇది చేతి మగ్గం మీద నేసిందేనా?" అని అడిగింది. "నూటికి నూరు పాళ్లు మేడం" అన్నాడు సేల్స్‌మన్. శివరాములు వినీ విననట్టు ఊరుకుంటే కథ అక్కడే సుఖంగా ముగిసేది. కానీ మగ్గం గుంట దాటి వచ్చినవాడు మగ్గాన్ని దాటి రాలేదు.

"పవర్‌లూమ్ అమ్మా. చేతి మగ్గం చీరకు అంచు పొంటి చిన్న చిన్న సూది బొక్కలుంటయి. దీనికి ఏవి, చూపియ్యమను!"

మూడో ముద్ద ఫుట్‌పాత్ మీద తినాల్సి వచ్చింది. హరిణి తినలేదు.

ఇరవయ్యో తారీఖు వచ్చేసింది. ఎండ మాడు పగలగొడుతోంది. పిల్లను భుజాన వేసుకుని, నిండు డబ్బాతో కోచింగ్ సెంటర్ల సందులో నీడ వెతుక్కుంటున్నాడు శివరాములు. అక్కడ దారిన పోయేవాళ్లకు కాగితాలు పంచుతూ పోచమ్మ కనబడింది. ఇరవయ్యేళ్లు ఆమె జాకెట్లు కుట్టింది ఆయనే.

"ఏందన్నా, గీ ఎండల పిల్లనేసుకొని తిరుగుతున్నవ్? మీదికి పో. ఫ్రీ డెమో ఉన్నది. మస్తు ఏసీ. నీళ్లు సుత ఇస్తరు."

"నాకెందుకు గా చదువులు?"

"ఆడ కూసున్నోళ్లకు మాత్రం ఎందుకో తెల్సా ఏంది? పో."

పైన రిసెప్షన్ అమ్మాయి ఫారం ఇచ్చింది. ఫోన్ నంబర్ రాయమంది. తన నంబర్‌కు తనెప్పుడూ ఫోన్ చేసుకోలేదు కనుక శివరాములుకు అది గుర్తులేదు. కోడలి నంబర్ రాశాడు.

"పాప పేరు కూడా రాయాలాండీ?"

"కుర్చీ పడ్తది గద, రాయమ్మా. హరిణి."

"క్వాలిఫికేషన్?"

"ఇంక షురూ గాలె."

హాల్లో అరవై మంది ఉన్నారు. సారు పేరు వంశీకృష్ణ, గుంటూరు మనిషి. నిలబడి చెప్పే అలవాటు లేదాయనకు. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ, చేతులు తిప్పుతూ, గొంతు పెంచుతూ తగ్గిస్తూ చెబుతాడు. ఆ రోజు వెబ్‌సైటుకు ఫ్రంట్ ఎండ్ ఒకరు, బ్యాక్ ఎండ్ ఒకరు ఎలా చేస్తారో చెబుతున్నాడు. హరిణి తల ఆయనతో పాటే అటూ ఇటూ తిరిగింది. ఆయన గోడ దగ్గర మలుపు తిరిగినప్పుడల్లా పిల్ల నోరు దానంతటదే తెరుచుకుంది. శివరాములు మలుపుకో ముద్ద చొప్పున పెట్టాడు. సగం డబ్బా ఖాళీ.

అప్పుడు వంశీకృష్ణ ఆగాడు. "ఎనీ డౌట్స్?"

అరవై తలలు కిందికి వాలాయి. హరిణి నోరు మూసుకుంది. శివరాములు సగం డబ్బా వైపు చూశాడు, ఒకటో తారీఖును తలచుకున్నాడు, లేచి నిలబడ్డాడు.

"సార్, జర ఒక మాట. ముందటి భాగం ఒకలు, ఎనుక భాగం ఒకలు చేస్తరంటిరి. రెండు కలిపేకాడ కొలత తప్పితే కుట్లు ఎవలిప్పాలె?"

వంశీకృష్ణ కళ్లు మెరిశాయి. "అబ్బబ్బ! ఏం అడిగారండీ బాబాయిగారూ! రెండేళ్ల నుంచి చెబుతున్నా, ఇది అడిగిన మొదటి మనిషి మీరే." అని మళ్లీ నడక మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు. డబ్బా అడుగు కనబడింది.

ఇక చూడండి. డబ్బా పట్టుకుని శివరాములు ఎక్కని మెట్లు లేవు. ఆయన డౌట్ల కోసమే కుర్రకారు ముందు వరసకు ఎగబడేవారట. పోచమ్మ కాగితాలు పంచడం మానేసి "తాత వస్తుండు" అని ఒక్క కేక వేస్తే హాలు నిండిపోయేదట.

ఎర్రమంజిల్‌లో మాత్రం మంజుశ్రీ ఫోన్ ఆగకుండా మోగుతోంది.

"మేడం, హరిణి గారు మా డెమోలో చాలా శ్రద్ధగా కూర్చున్నారు. ఎప్పుడు జాయినవుతారు?"

"ఏ హరిణి?"

"శివరాములు గారితో వచ్చారు కదండీ. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో చేరితే బాగుంటుంది."

ఆ సాయంత్రం మంజుశ్రీ ఏమీ ఎరగనట్టు అడిగింది. "ఇయ్యాల ఏడికి పోయిండ్రు మామయ్యా?"

"గిట్ల, బయటికి."

శివరాములు దాచడానికి కారణం ఉంది. హాల్లో గోడ మీద పెద్ద తెర ఉంటుంది. ఫోన్ వద్దన్న కోడలికి ఆ తెర ఫోన్‌కు పెద్దన్నలా కనబడదా? అప్పుడు గడువు కూడా చూడదు, మర్నాడే డే కేర్.

ముప్పయ్యో తారీఖు మంజుశ్రీ సగం రోజు సెలవు పెట్టి, ఫోన్లో చెప్పిన సందుకు వచ్చి, అక్కడున్న పోచమ్మను అడిగి మెట్లెక్కింది. వంశీకృష్ణ హాలు వెనక తలుపు దగ్గర నిలబడింది. ముందు వరసలో మామగారు, ఒళ్లో కూతురు, ఎదురుగా గోడంత తెర. ఆమె కనుబొమలు కలుసుకున్నాయి. అదే క్షణంలో శివరాములు వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. చేతిలో ముద్ద గాల్లోనే ఆగింది.

కరెంటు పోయింది.

తెర నల్లబడింది. ఏసీ నిట్టూర్చి ఆగింది. వంశీకృష్ణ మాత్రం ఆగలేదు. కిటికీ వెలుతురులో అటూ ఇటూ నడుస్తూ చెబుతూనే ఉన్నాడు. హరిణి ఆ నల్ల తెర వంక కన్నెత్తి చూడలేదు. గాల్లో ఆగిన ముద్దను తనే వంగి అందుకుంది. మంజుశ్రీ కనుబొమలు విడిపోయాయి.

డబ్బాలో ఇంకా మూడు ముద్దలు ఉన్నాయి.

"ఎనీ డౌట్స్?" అన్నాడు వంశీకృష్ణ, మామూలుగా శివరాములు వైపే చూస్తూ.

శివరాములు లేచాడు. నోరు తెరిచాడు. ఒక్క డౌటూ రాలేదు. కోడలి ఎదుట ఆ చదువంతా ఆవిరైపోయింది. పిల్ల నోరు మూసుకుంది. తాత కూర్చున్నాడు.

"సార్, నాకున్నది డౌటు."

గొంతు వెనక తలుపు దగ్గర నుంచి వచ్చింది. అరవై తలలు అటు తిరిగాయి.

"అయిదేండ్ల కింద గిదే కోర్సు సగంల ఇడిసిపెట్టిన. గిప్పుడు నేర్వాలంటే మళ్ల మొదటికెళ్లి రావాల్నా, ఇడిసిన కాడికెళ్లి అందుకోవచ్చునా?"

"చాలా మంచి ప్రశ్నండీ" అంటూ వంశీకృష్ణ నడక అందుకున్నాడు. ఒక మలుపు, ఒక ముద్ద. రెండో మలుపు, రెండో ముద్ద. మూడో ముద్ద మింగి హరిణి చప్పట్లు కొట్టింది. వంశీకృష్ణ తనకేననుకున్నాడు.

ముగ్గురూ మెట్లు దిగారు.

"తెర బందైనా తిన్నది" అంది మంజుశ్రీ.

"తిన్నది బిడ్డా. ఎదురుంగ ఎవలన్న తిరుక్కుంట ముచ్చట చెప్తుండాలె. తెర దానికి లెక్కనే లేదు."

ఆ సాయంత్రం మంజుశ్రీ వంటింటి గుమ్మం నుంచి బల్ల దాకా నడుస్తూ, గరిటె తిప్పుతూ, ఆఫీసులో ఏ ఫైలు ఎవరి దగ్గర ఎందుకు ఆగిందో గొంతు పెంచి మరీ చెప్పింది. హరిణి మలుపు మలుపుకూ నోరు తెరిచింది. డే కేర్ కాగితం మీద వేడి వేడి పప్పు గిన్నె ఉంది. తెల్లారితే ఒకటో తారీఖన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా రాసి నేను చదివి వినిపిస్తే శివరాములు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"నూట పద్నాలుగు గాదు, పదకొండు. డౌట్లు మూడే అడిగిన. ఎవలూ బెంగళూరు పోలేదు. పిల్ల తిన్నది."