బతికున్నవాడికి వకీలు

జెద్దాలో ఏసీ మెకానిక్‌గా నాది తొమ్మిదో ఏడు. ఒకరోజు బ్యాంకు కార్డు పనిచేయక కౌంటరు దగ్గరికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి నా ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, నంబరు కొట్టాడు. స్క్రీన్ చూశాడు, నా మొహం చూశాడు. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"ముతవఫ్ఫీ," అన్నాడు. చనిపోయాడని అర్థం.

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

కంపెనీలో వాకబు చేస్తే తెలిసింది. అంతకుముందు ఏడాది హాయిల్‌లో పనికెళ్లినప్పుడు నా ఇఖామా కార్డు పోతే అదే నంబరుతో కొత్తది తీసుకున్నాను. ఈమధ్య హాయిల్ దారిలో ఒక వ్యాను తగలబడి, అందులోని మనిషి ఆనవాలు దొరకనంతగా కాలిపోయాడు. పక్కన ఇసుకలో నా పాత కార్డు దొరికింది. అతన్ని నా పేరుతో పాతిపెట్టారు. "వకీలును చూసుకో," అని కంపెనీవాళ్లు చేతులు దులుపుకున్నారు.

"షరఫియా బజార్లో వకీలొకాయన ఉండాడంటన్నా, పోదాం పా," అన్నాడు నా రూమ్మేటు. కడప డ్రైవరు, అరబ్బీ బాగా వచ్చు.

టైలరు షాపు పైన చిన్న గది. ఆ హైదరాబాదీ పెద్దమనిషి నా కాగితాలు ముట్టుకోనైనా లేదు. "మూడు దినాల్ల ఐతది భాయ్," అంటూ డ్రాయరు లాగాడు. నిండా ఇఖామా కార్డులే. "ఒకటి ఎంచుకో. మొఖం దగ్గర దగ్గర కలిస్తె చాలు."

"ఎవరివి ఇవి?"

"ఏమో. ఎవరూ అడగనీకె రాలె."

ఫోటోల్లోంచి అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. మా ఫోర్‌మన్‌లాంటి మీసం ఒకరిది. నా పాత కార్డు కూడా ఇలాంటి డ్రాయరులోంచే ఆ కాలిపోయిన మనిషి చేతికి వెళ్లిందేమో! మెట్లు దిగి వచ్చేశాను.

రెండోసారి తొందరపడలేదు. మా సూపర్‌వైజరు చెప్పిన సౌదీ వకీలమ్మ దగ్గరికి వెళ్లి, ముందు లైసెన్సు చూపించమన్నాం. ఆమె ఏమీ అనుకోకుండా చూపించింది. నా కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చదివింది. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనంది. తర్వాత నా రూమ్మేటుతో అరబ్బీలో ఏదో అంది. వాడు నావైపు తిరిగాడు.

"నువ్విచ్చే వకాలత్‌నామా కంప్యూటరు తీసుకోదంటన్నా. సచ్చిపోయినోళ్లు వకీలును పెట్టుకోలేరంట. అందుకే ఆయమ్మే నీతో వచ్చి వేలిముద్రలు ఏయిస్తాదంట."

లేవబోతుంటే ఆమె ఇంకొకటి అడిగింది. మావాడు గొంతు తగ్గించి చెప్పాడు: "మరి ఆ మట్టిలో ఉండేది ఎవురని అడుగుతాంది."

అన్నాళ్లూ నా గొడవే తప్ప అతని గురించి ఒక్కసారీ అనుకోలేదు. ఆ ప్రశ్న విన్నాకే ఈమే నా వకీలని గట్టిగా అనుకున్నాను.

నాలుగు నెలలు పట్టింది. చివరికి ఇఖామా ఆఫీసులో గాజుపలక మీద వేలు పెడితే యంత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఆమె నా పక్కనే నిలబడింది. తర్వాత నా ఫోటో వచ్చింది. రికార్డులో మళ్లీ బతికాను.

శ్మశానం రిజిస్టరులోనూ ఆమె నా పేరు కొట్టేయించింది. నేను హాయిల్ వెళ్లాను. అన్నీ ఒకేలాంటి మట్టి దిబ్బలు. కాపలాదారు ఒకదాన్ని చూపించాడు. చనిపోయినవాళ్ల కోసం చదివే ఫాతిహా చదివాను. ఎవరి కోసమని చెప్పుకోవాలో తెలియక, "ఈ మట్టిలో ఉన్నవాడి కోసం" అనుకున్నాను.

అతని ఆచూకీ కోసం వకీలమ్మ రాయించిన ఉత్తరాలకు ఇంతవరకు జవాబు లేదు. అతని పేరు మీద ఇఖామా ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ రికార్డులో అతను ఇంకా బతికే ఉన్నాడు.