నేను తప్పు చదివిన రిపోర్టు

పోయిన సోమవారం చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దగ్గరి ల్యాబులో నా రక్తపరీక్ష కాయితం అందుకుంటుంటే, కౌంటర్‌లో కూర్చున్నామె కళ్ళద్దాలు పైకి తోసుకొని, "కాకూ, టీఎస్‌హెచ్ కొంచెం పెరిగింది, డాక్టర్‌కు చూపెట్టండి" అని మరాఠీలో చెప్పింది. కాకూ అంటే పిన్ని. సరేనని వచ్చి అక్కడి బల్ల మీద కూర్చున్న. కొన్ని నెలలుగా రెండు మెట్లెక్కితే చాలు, కాళ్ళు ఇంకెవరివో అయినట్టు బరువెక్కుతున్నయి. దువ్వెన నిండా వెంట్రుకలు వస్తున్నయి. పొద్దున లేచేటప్పటికే సాయంత్రం అయినంత అలసట. వయసు కదా అని ఊరుకున్న. ఇప్పుడు కారణం చేతిలో ఉన్నది, కానీ మడత విప్పాలనిపించలేదు. థైరాయిడ్ అంటే భయం లేదు నాకు, పొద్దున ఒక చిన్న గోలి మింగితే సరిపోయే జబ్బని తెలుసు. పదిహేనేండ్ల కింద ఇట్లాంటి కాయితమే ఒకటి చాలా ధీమాగా విప్పి చదివిన. అది యాదికొచ్చి చెయ్యి ఆగింది.

ఆ కాయితం మా యారాలిది, అంటే మా బావగారి భార్యది. నేను ఆమెను అక్క అనేదాన్ని. రాజురా దిక్కు ఊర్లో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. పత్తి ఏరిన చేతులు, చదువు లేదు. నేనేమో పన్నెండో తరగతి దాకా మరాఠీ బడిలో చదివినదాన్ని, తెలుగు అక్షరాలు పెళ్ళయినంక మామగారి దగ్గర నేర్చుకున్న. అన్నదమ్ములిద్దరిదీ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. ఇల్లు లాల్‌పేట్‌లో. బొగ్గు గనుల పక్కన ఇల్లంటే ఏందో అక్కడ కాపురం చేసినోళ్ళకే తెలుస్తది. పొద్దున తుడిచిన బండల మీద మధ్యాహ్నానికి పాదాల అచ్చులు పడతయి, తెల్ల పంచె ఆరేస్తే బూడిదరంగు పంచె ఇంట్లోకి వస్తది. అట్లాంటి ఇంట్లో ఇద్దరు కోడళ్ళలో ఒకరు మెల్లగా కదిలితే రెండోవాళ్ళ నడుము విరుగుతది. అక్క మెల్లగా కదిలేది. ఆమె ఒక కొత్తిమీర కట్ట బాగుచేసేలోపు నేను రెండు కూరలు దించేదాన్ని. దించి ఊరుకున్ననా అంటే లేదు, ఆ సంగతి అత్తగారికీ బజారుకూ తెలిసేటట్టు గిన్నెలు చప్పుడు చేస్తూ పెట్టేదాన్ని. వంటిల్లు తుడిచి గోడకు ఆనుకొని కూర్చుంటే అక్క కళ్ళు మూసుకునేది. "పెద్దకోడలికి కూసున్న చోటనే నిద్ర" అని అత్తగారు అంటే నవ్విన వాళ్ళలో నేను మొదటిదాన్ని. మొదట్లో ఆమె అట్లా లేదని, పండుగకు అరిసెలు ఒక్కతే చేసేదని అత్తగారే చెప్పేది. మరి ఎందుకు ఇట్లా అయింది అని మాలో ఎవరికీ అనుమానం రాలేదు. బద్ధకం అనుకుంటే ఇంక వేరే కారణం వెతికే పని ఉండదు కదా.

బామ్నిలో ఒక పెళ్ళికి పోయినప్పుడు, దవాఖానలో నర్సుగా పనిచేసే మా చుట్టాలామె అక్క గొంతు విని ఆగింది. అక్క గొంతు అప్పటికి మొగవాళ్ళ గొంతు లెక్క బరువుగా అయింది. ఆమె అక్క మెడ తడిమి, కనురెప్పల వాపు చూసి, థైరాయిడ్ పరీక్ష చేయించమన్నది. చేయిస్తే టీఎస్‌హెచ్ ఇరవై రెండు వచ్చింది, ఉండాల్సింది నాలుగు లోపల. డాక్టరు చిన్న గోలి రాసి, రోజూ పొద్దున వేసుకొమ్మని, రెండు నెలలకు మళ్ళీ పరీక్ష అని చెప్పి పంపిండు. పొద్దున అంటే అక్కకు చాయ్ అని అర్థం. పెద్ద గ్లాసు నిండా చాయ్ పోసుకొని, రక్తం తక్కువుందని అంతకుముందు రాసిచ్చిన ఐరన్ గోలితో కలిపి దీన్నీ మింగేది. "అన్నీ ఒక్కపారి అయిపోతయి" అనేది. రెండు నెలలు తిరిగినంక పరీక్ష కాయితం తెచ్చి, నేను జొన్నరొట్టెలు చేస్తుంటే పక్కన నిలబడ్డది.

"చెల్లె, జర చూడు. ఏమున్నది దీంట్ల?"

ఒక కన్ను పెనం మీద, ఒక కన్ను కాయితం మీద పెట్టి చూసిన. "పెరిగిందక్కా. ఇరవై రెండు ఉండె, ముప్పై ఒకటి అయింది."

"పెరుగుడు మంచిదా, చెడ్డదా?"

"షుగరు పెరిగితే మంచిదా? గోలి మింగినంకనే పెరిగింది గద, గది పడ్తలేదు నీకు. కొన్ని దినాలు బంద్ పెట్టి చూడు."

"డాక్టర్‌కు చూపెట్టద్దా?"

"పెండ్లిళ్ళ గిరాకీ నడుస్తుంది దుకాణంల. నిన్ను తీస్కపోనీకి ఎవలున్నరు ఇప్పుడు?"

అంతే. రొట్టె మాడకుండా తిప్పినంత సేపట్లో ఆ పని అయిపోయింది. అక్క కాయితం మడిచి కొంగున కట్టుకొని, మరునాటి నుంచి గోలి ఆపేసింది. చదువుకున్నదాన్ని చెప్పిన కదా.

తర్వాత ఎండాకాలం వచ్చింది. చంద్రపూర్ ఎండ గురించి ఎవరికీ చెప్పే అవసరం లేదు. పదకొండు దాటితే వీధిలో కుక్క కూడా కనపడదు, కూలర్లో నీళ్ళు పోసి పోసి చేతులు నొస్తయి. ఆ ఎండల్లో అక్క కూలర్‌కు దూరంగా జరిగి, ఉన్ని శాలువ కప్పుకొని కూర్చునేది. ఇంట్లో అందరం నవ్వినం, ఆమె కూడా నవ్వాలని చూసింది. ముఖం ఉబ్బింది. కూర్చొని తిని ఒళ్ళు చేసిందనుకున్న. పేర్లు మర్చిపోయేది, ఒక మాట అడిగితే జవాబుకు ఎదురుచూడాల్సి వచ్చేది. ఒకరోజు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి వాటి ముందరే నిలబడ్డది. నేను పెరట్లో నుంచి వచ్చేసరికి పాలు పొంగి గట్టు మీద నుంచి కిందికి కారుతున్నయి, మంట ఆరిపోయి గ్యాసు వాసన వస్తున్నది, అక్క చూస్తూనే ఉన్నది. "అక్కా! కండ్లు కనవడ్తలేవా?" అని గట్టిగా ఒర్రిన. ఆమె మెల్లగా ఇటు తిరిగి, చాలాసేపటికి, "ఏంది?" అన్నది. గ్యాసు కట్టేసి ఆమెను జరుపుదామని చెయ్యి పట్టుకున్న. ఆ ఎండల్లో ఆ చెయ్యి కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నది. నాకు అప్పుడు భయమైంది. కూర్చోబెడితే మళ్ళా లేవలేకపోయింది. దుకాణానికి ఫోన్ చేసి బావగారిని పిలిపించి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయినం.

అక్కడ ఒక పెద్ద వయసు డాక్టరమ్మ, మరాఠీ ఆమె. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ నూరు దాటింది. గుండె మెల్లగా కొట్టుకుంటున్నదని, ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే మనిషి లేపినా లేవని స్థితికి పోయేదని చెప్పింది. తర్వాత పాత కాయితాలు చూసి, గోలి ఆగి నాలుగు నెలలైందని బావగారు చెప్తే, "గోలి ఎవరు ఆపమన్నారు?" అని అడిగింది.

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్న. బావగారు నా పక్కనే ఉన్నడు. అక్క కళ్ళు సగం తెరిచి, తనకొచ్చిన నాలుగు మరాఠీ ముక్కల్లో, "ఎవ్వలూ అనలే డాక్టరమ్మా, నేనే మర్సిపోయిన" అన్నది. నాలుగు నెలలు మర్చిపోతారా అని డాక్టరమ్మ కోపం చేసింది. ఆ తిట్లన్నీ అక్క తిన్నది. నేను అట్లనే నిలబడ్డ.

బయట వరండాలో డాక్టరమ్మను పట్టుకొని, పెరిగిందంటే ఏందని అడిగిన. అడగాల్సిన సమయం దాటిపోయినంక అడిగిన. ఆమె ఓపికగా చెప్పింది. గొంతులోని గ్రంథి పని తగ్గిస్తే మెదడు దాన్ని గట్టిగా కేకేస్తదట, ఆ కేకే టీఎస్‌హెచ్. గ్రంథి ఎంత చేతగాకపోతే కేక అంత పెద్దది. అంకె పెరిగిందంటే గోలి చాలట్లేదని అర్థం, ఎక్కువైందని కాదు. మందు సరిపోతే కేక తగ్గుతది. "చేతగాని మనిషి మీద ఎంత అరిస్తే ఏం లాభం చెప్పండి" అన్నది ఆమె మామూలుగా. నేను తల వంచుకున్న. గోలి ఎట్లా మింగేదని అడిగితే చాయ్ సంగతి, ఐరన్ గోలి సంగతి చెప్పిన. ఆ రెండూ మందును ఒంటికి పట్టనియ్యవట. పరగడుపున ఉత్త నీళ్ళతో మింగాలె, గంటసేపు చాయ్ ముట్టద్దు, ఐరన్ గోలి నాలుగు గంటలు తప్పించి వేసుకోవాలె. అంటే మొదటి రెండు నెలల మందు సగానికి సగం వృథా పోయింది. మిగిలింది నేను ఆపించిన.

పది రోజులకు ఇంటికి తెచ్చినం. గుండె బలహీనంగా ఉన్నదని చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచిన్రు. గోలి నా చేత్తో ఇచ్చేదాన్ని. చాయ్ కోసం ఆ గంటసేపు అక్క వంటింటి గడప మీద కూర్చొని గడియారం దిక్కు చూసే చూపు చూస్తే, ఎవరికైనా జాలేసేది. వారం తిరగకముందే మళ్ళా పరీక్ష చేయిద్దామని నేను పోతే డాక్టరమ్మ వెనక్కి పంపింది. మోతాదు మార్చినంక ఆరువారాలు ఆగాల్సిందే, అంతకుముందు చూసిన అంకె నమ్మేది కాదని. ఆ ఆరువారాలు గడవవు. "ఎట్లున్నదక్కా?" అంటే, "నిన్న ఎట్లుండెనో గట్లనే" అనేది. నూటికి పైనున్నది నలభై అయింది, నలభై పద్దెనిమిది అయింది, ఆపైన ఏడు. ప్రతిసారీ మందు కొంచెం పెంచుడు, మళ్ళా ఆరువారాలు. ఒకసారి సున్నా పాయింట్ ఒకటి వస్తే, సున్నా దాకా దిగిందని సంబురంతో ఇంటికి పరుగెత్తిన. ఇంట్లో చూస్తే అక్క అటక మీదికెక్కి ఇత్తడి గిన్నెలన్నీ దించి, వాటిని తోమలేదని అత్తగారినే కోపం చేస్తున్నది. జన్మలో మొదటిసారి మా అత్తగారు నోరు మూసుకొని కూర్చున్నది. అయితే గిన్నె పట్టుకున్న అక్క చేతులు వణుకుతున్నయి. "దడదడ అంటుందే చెల్లె లోపట" అన్నది. ఈసారి నేను ఏమీ చెప్పలేదు. ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయిన. మందు ఎక్కువైందని ఆమె తగ్గించింది. తర్వాతి పరీక్షలో రెండున్నర వచ్చి నిలబడ్డది. అప్పటికి ఏడాది దాటింది.

ఆ రోజు ఆటోలో వస్తూ అడిగిన. "అక్కా, ఆ రోజు నా పేరెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు మల్ల నా కాయితం చదువుతవా? భయపడి చదువకపోదువు. నాకెవ్వలున్నరు చదివేటోళ్ళు?" అన్నది. క్షమించిందో లేదో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలవదు.

ఇప్పుడు అక్క ఉప్పర్వాహిలో కొడుకు దగ్గర ఉంటున్నది. గోలి తప్పదు, ఏడాదికోసారి పరీక్ష, మనిషి బాగున్నది. ల్యాబు బల్ల మీద కూర్చొని చివరికి కాయితం విప్పిన. ఎనిమిది పాయింట్ నాలుగు. అది ఏం చెప్తున్నదో ఇప్పుడు నాకు ఎవరూ చెప్పక్కరలేదు. అయినా అక్కకు ఫోన్ చేసిన. అంకె చెప్పిన. ఆమె అంకె గురించి అడగలేదు. "ఎన్ని దినాలసంది అలిసిపోతున్నవ్ చెల్లె?" అన్నది. పదకొండేండ్లు ఒకే పొయ్యి ముందర పక్కపక్కన నిలబడి నేను ఆమెను అడగలేకపోయిన మాట అది. దాన్ని నన్ను అడగడానికి ఆమెకు ఒక నిమిషం కూడా పట్టలేదు.