మామగారి రేడియోలోని వాల్వు

ఒక గాజు బుడ్డి కోసం మనిషి అత్తవారింట్లో ఎంత అప్రదిష్ట మూటగట్టుకోవచ్చో తెలుసుకోవాలని ఉంటే, కుర్చీ లాక్కుని కూర్చోండి. ముందే చెబుతున్నాను, ఈ కథలో నా పరువు దక్కే చోటు ఒక్కటీ లేదు. వెతక్కండి.

నేను కొవ్వూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కరెంటు ఎటునుంచి ఎటు పోతుందో చెప్పి జీతం తీసుకుంటాను. పిల్లలు నమ్ముతున్నారు కూడా, పాపం.

పెళ్ళయిన కొత్తలో నాకు వాల్వుల పిచ్చి పట్టింది. వాల్వులంటే తాతల నాటి రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు. వాటితో ఇంట్లోనే యాంప్లిఫయర్ కట్టుకుంటే పాట వెన్నలా జారుతుందని ఇంటర్నెట్‌లో ఎవరో రాశారు. చదివాను, నమ్మాను, కట్టేశాను. కొత్త వాల్వులు ఒక జత తెప్పించాను కానీ మనసు ఒప్పలేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అనేది లోకం మాట. నాకు పాతే వింత, కొత్తే రోత. రాజమండ్రిలో పాత ఇనప సామాన్ల కొట్టులో గాలించి గాలించి ఒక పాత వాల్వు పట్టాను. రెండు స్పీకర్లకు రెండు వాల్వులు కావాలి, రెండూ ఒకే కంపెనీవి, ఒకే కాలం నాటివి అయితేనే స్వరం కలుస్తుందట. మావి లూథరన్ క్రైస్తవ కుటుంబాలు, పెళ్ళిళ్ళకు జాతకాలు చూసే అలవాటు లేదు. ఆ లోటు నేను వాల్వులకు చూసి తీర్చాను.

చివరికి సంబంధం కుదిరింది. పాలకొల్లులో, మా మామగారి రేడియోలో.

మామగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆ రేడియో వాళ్ళ నాన్నగారిది. రోజూ పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని దాని పక్కన కూర్చుని వార్తలు వింటారు. ఫోనులో అవే వార్తలు వస్తాయని చెబితే, "వస్తాయండి, కానీ అది చదువుతుంది, ఇది చెబుతుంది" అంటారు. ఒక ఆదివారం ఆరాధన అయి గుడి నుంచి రాగానే నేను ఆ రేడియో వెనక్కి చేరాను.

"మామయ్యగారూ, దీని వెనక మూత ఒకసారి తీస్తానండి."

"ఏం బాబూ, పాడైందంటారా?"

"లేదండి, భేషుగ్గా ఉంది. ఇందులో ఒక వాల్వు నాకు కావాలండి."

"అది తీస్తే మళ్ళీ పాడుతుందా?"

"పాడదండి."

ఆయన రేడియో వైపు చూశారు. నా వైపు చూశారు. "తీసుకోండి బాబూ. మీకంటే ఎక్కువా?" అన్నారు. ఆ గొంతు విని మనిషైనవాడు ఆగిపోవాలి. నేను స్క్రూడ్రైవర్ తీశాను.

నా భార్య సునీత వంటింట్లోంచి వచ్చి అడ్డుపడింది. "అలా కుదరదండి. ముందు మీ కొత్త వాల్వులతో వినిపించండి, తర్వాత ఈ పాతవాటితో. తేడా నిజంగా వినపడితేనే నాన్నగారిది మీది. లేదా, దాని చోట్లో దాన్ని పెట్టేయాలి."

"సరే, పెద్దలే తీర్పు చెబుతారు" అన్నాను ధీమాగా. మామగారు, అత్తగారు, భోజనానికి వచ్చిన పాస్టరుగారు సోఫాలో కూర్చున్నారు. నా మొదటి తప్పు ఇదే. గోదావరి జిల్లాల్లో అల్లుడి మొహం మీద "బాలేదు" అనగల మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టినా అత్తగారు వాణ్ణి మాట్లాడనివ్వరు.

రేడియోలోంచి వాల్వు ఊడదీసి, టీవీకి అటూ ఇటూ నేను వెంట తెచ్చుకున్న స్పీకర్లు పెట్టాను. యాంప్లిఫయర్‌కి తగిలించిన బ్లూటూత్ ముక్క ద్వారా ఫోనులోంచి ఒక పాత కీర్తన వదిలాను. ముందు కొత్త వాల్వులు.

"గొంతు కాస్త పచ్చిగా లేదూ?" అన్నాను.

"పచ్చిగానే ఉందండి" అన్నారు అత్తగారు.

పాట ఆపి, యాంప్లిఫయర్ ఆపి, చల్లారనిచ్చి పాత జత గుచ్చాను. ఎర్రగా వెలిగాయి. మళ్ళీ అదే కీర్తన. నాకు ఒళ్ళు పులకరించింది.

"ఇప్పుడు చూడండి! ఆ హార్మోనియం వెనక మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది."

"ఊపిరే అండి" అన్నారు పాస్టరుగారు కళ్ళు మూసుకుని.

"ముదురు పాకంలా ఉందండి అల్లుడుగారూ" అన్నారు అత్తగారు.

మామగారు మాత్రం ఖాళీ రేడియో వైపు ఒకసారి చూసి, "చాలా బావుంది బాబూ. ఉంచేసుకోండి" అన్నారు.

నెగ్గాను. అక్కడితో ఊరుకుంటే ఈ రోజుకీ నేను రసికుణ్ణే. కానీ పాస్టరుగారు, "మొదటివి ఇంకొక్కసారి వినిపిస్తారా, పోల్చుకుంటాను" అన్నారు. ఆ ఉత్సాహంలో పాట ఆపడం మరిచిపోయి యాంప్లిఫయర్ స్విచ్చి ఆపేశాను. వాల్వుల ఎరుపు మెల్లగా ఆరిపోయింది.

పాట ఆగలేదు.

గోడ ప్లగ్గు పీకాను. కీర్తన రెండో చరణంలోకి వెళ్ళింది. తువ్వాలు పట్టి రెండు వాల్వులూ ఊడదీసి చేతిలో పట్టుకున్నాను. హార్మోనియం మనిషి నిక్షేపంగా ఊపిరి తీసుకుంటున్నాడు. మామగారే నన్ను ఆదుకున్నారు.

"చూశారా బాబూ, పాత సరుకు గొప్పతనం! ఆపేసినా పాడుతోంది."

సునీత వచ్చి టీవీ కింద అల్లిక గుడ్డ ఎత్తింది. దాని చాటున మామగారి టీవీ స్పీకరు డబ్బా పాడుతోంది. "పొద్దున్న మీ ఫోను నేనే దీనికి కలిపానండి. ఇంకా దీనికే ఉంది."

"మరి ముందే చెప్పొచ్చు కదా!"

"నాకూ ఇప్పుడే అనుమానం వచ్చింది. ఇందాక మీరు ఊపిరీ ఊపిరీ అంటుంటే నాకూ వినపడిందండి."

పోయిన పరువు ఎలాగూ పోయింది, అసలు శబ్దమైనా వినిపిద్దామని వాల్వులు మళ్ళీ గుచ్చి, ఫోనును ఈసారి సరిగ్గా కలిపాను. స్పీకర్లలోంచి ముందు జుయ్యిమని హోరు, తర్వాత అప్పడాలు వేగుతున్న చప్పుడు, ఆ చప్పుడు అడుగున ఎక్కడో కీర్తన.

"వాన పడుతున్నట్టు చల్లగా ఉందండి" అన్నారు అత్తగారు.

"ఇది ఇంకా బావుంది బాబూ" అన్నారు మామగారు.

అన్నీ కట్టేసి, ఆయన వాల్వును తీసుకెళ్ళి రేడియోలో పెట్టాను. వాల్వు రేడియో వేడెక్కడానికి కాసేపు పడుతుంది. నా చేతుల్లో దానికేమైనా అయి ఉంటే? ఆ కాసేపట్లో నేను చేసినంత ప్రార్థన పాస్టరుగారు ఉపవాసాల్లో కూడా చేసి ఉండరు. చివరికి చిన్న గరగర, దాని వెంట ఎవరో వరి చేలకు ఎరువు ఎప్పుడు వేయాలో చెబుతున్న గొంతు.

మామగారికి సెంటు భూమి లేదు. అయినా కుర్చీ దగ్గరకు లాక్కుని, సౌండు పెంచుకుని, ఎరువుల సంగతంతా చివరిదాకా విన్నారు. బావుందనలేదు. మొహం మాత్రం విప్పారిపోయింది. నాకు సిగ్గేసింది, ఆయన మీద బోలెడంత ప్రేమ కూడా కలిగింది. నిజంగా నచ్చినదాన్ని ఆయన బావుందనరని అప్పుడు తెలిసింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాకో అనుమానం వచ్చింది.

"సునీతా, పెళ్ళిచూపుల రోజు నన్ను చూసి మీ నాన్నగారు ఏమన్నారు?"

ఆవిడ కిటికీలోంచి చేలు చూస్తూ చెప్పింది. "'చాలా బావున్నాడమ్మా' అన్నారండి."

ఆ బస్సులోనే, యాంప్లిఫయర్ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. బతికుండగా అత్తవారింట్లో ఏదీ వినిపించను, ఏదీ చూపించను. ముఖ్యంగా, ఎలా ఉందని అడగను.