బకెట్‌లో పరిచిన శాలువా

2005లో నేను అమెరికాలో నేపర్‌విల్ దగ్గర ఒక పిల్లల క్లినిక్‌లో ఆడియాలజిస్ట్‌గా, అంటే వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను. లైబీరియా అంతర్యుద్ధం నుంచి శరణార్థులుగా వచ్చిన ఒక కుటుంబానికి ఆ చలికాలం మా తెలుగు చర్చి వాళ్ళు సాయం చేస్తున్నారు. కుటుంబమంటే ఇద్దరే. మేరీ అనే ఆవిడ, ఆవిడ అక్క కూతురు కేమా. కేమాకి ఎనిమిదేళ్ళుంటాయేమో.

చర్చిలో పెద్దాయన రాజారావు అంకుల్ వాళ్ళని తన కార్లో తీసుకొచ్చారు.

"ఏమ్మా, పిలిస్తే పలకదు, నోరు విప్పదు. స్కూల్ వాళ్ళు చెవిటి పిల్లల స్కూల్‌కి పంపిస్తామంటున్నారు. వేరే ఊరు, వీక్‌డేస్ అక్కడే ఉండాలంట. ఈ పిల్లేమో పిన్నిని వదిలి ఉండదు. నువ్వొకసారి టెస్ట్ చేసి చూడు," అన్నారు.

బాంబుల మోతకి చెవులు పోయాయని మేరీ కూడా నమ్మేసింది.

చిన్నపిల్లలకి మేము ఆటలా టెస్ట్ చేస్తాం. హెడ్‌ఫోన్స్‌లో బీప్ వినపడగానే ఒక చెక్క బ్లాక్ తీసి బకెట్‌లో వేయాలి. ఎలా వేయాలో నేను వేసి చూపించాను. బ్లాక్ ఠపీమని పడగానే కేమా రెండు అరచేతులతో బకెట్ మూతిని మూసేసింది. ఆట నచ్చలేదేమో అనుకున్నాను.

ఎన్ని బీప్‌లు ఇచ్చినా బ్లాక్ ముట్టుకోలేదు. కానీ టెస్ట్ గది బయట కూర్చుని అద్దంలోంచి చూస్తుంటే ఒకటి కనపడింది. బీప్ వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల ఊపిరి బిగబడుతోంది.

లోపలికి వెళ్ళి నా ఉన్ని శాలువా మడిచి బకెట్ అడుగున పరిచాను. ఒక బ్లాక్‌ని దాని మీద మెల్లగా పెట్టాను. చప్పుడు కాలేదు. కేమా నా మొహంలోకి చూసింది.

ఈసారి ప్రతి బీప్‌కీ బ్లాక్ పెట్టింది. మా మెషిన్ ఇవ్వగలిగిన అతి సన్నని బీప్‌కి కూడా పెట్టింది. నా సర్వీసులో అంత చక్కటి చెవుల్ని ఎక్కువ చూడలేదు. సంతోషం పట్టలేక మేరీకి చెప్పాను.

"వినపడుతుందా?" అంది మేరీ. వినపడదనుకుని పిల్ల ముందు ఏదైనా మాట్లాడేయడం ఇన్నేళ్ళుగా అలవాటైన మనిషి. అప్పుడూ అలాగే మొదలుపెట్టింది.

"సైనికులొచ్చిన రోజు మా అక్క దీన్ని వంటింట్లో కట్టెల వెనక దాచింది. చప్పుడు చెయ్యొద్దు, ఎవరు పిలిచినా పలకొద్దు, నేను పిలిచినా పలకొద్దు అని చెప్పింది. నేను వెనక నుంచి అడవిలోకి పారిపోయాను. మర్నాడు వస్తే ఇది కట్టెల వెనకే ఉంది. అక్క వాకిట్లో పడి ఉంది."

"మరి ఆవిడ పిలిచిందా?" అన్నాను. ఆ మాట ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"ఏమో. నేను అడవిలో ఉన్నాను కదా. పిలిచిందో లేదో, ఇది విన్నదో లేదో."

కేమా హెడ్‌ఫోన్స్ అప్పటికే తీసేసింది. మావైపు తిరగలేదు. ఒక బ్లాక్ తీసుకుని, వంగి, శాలువా మీద మెల్లగా పెట్టింది.

నేను బీప్ ఇవ్వలేదు.

వినికిడి పూర్తిగా బాగుందని, పిల్ల పిన్ని దగ్గరే ఉండాలని స్కూల్‌కి రాసిచ్చాను. కేమా ఆ ఊళ్ళోనే చదువుకుంది. ఆ తర్వాత ఏ శరణార్థి పిల్ల వచ్చినా, చప్పుడు వినపడితే ఆ పిల్లకి ఏం చేయడం అలవాటో ముందు ఇంట్లోవాళ్ళని అడిగేదాన్ని. వినపడటం వేరు, పలకడం వేరని నాకు నేర్పింది కేమానే. శాలువా మాత్రం రిటైరయ్యేదాకా ఆ బకెట్‌లోనే ఉంచాను.

చెవి బాగుందని తేలితే సంతోషించడమే మా వృత్తి. ఆ రోజు మాత్రం, ఆ వాకిట్లోంచి పిలుపు వచ్చిన పూట ఈ పిల్లకి నిజంగానే చెవుడు ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.