పంపకాల్లో పడ్డ దుర్బీను

ఆ రోజుల్లో ఆకాశం చూడడానికి మావైపు ఎవరికీ ఏ సరంజామా అవసరం ఉండేది కాదు. ఎండాకాలం సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లి, నులక మంచం వాల్చి వెల్లకిలా పడుకుంటే చాలు, ఉన్న ఆకాశమంతా మనదే. గొర్రెల వెంట తిరిగే మా ఇంటివాళ్ళకైతే పిల్లలకోడి చుక్కల గుంపు ఎప్పుడు పొడుస్తుందో, గొల్లకావడి ఎప్పుడు నడినెత్తికి వస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. ఇప్పుడు నా దగ్గరికి కుర్రవాళ్ళు వస్తుంటారు. "మంచి టెలిస్కోపు ఒక్కటే కొనుక్కుంటే మేలా, రకానికొకటి చొప్పున రెండు మూడు ఉంటే మేలా?" అని అడుగుతారు. అద్దం వెడల్పు గురించీ, గొట్టం పొడవు గురించీ నేను చాలానే చెప్పగలను (పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, నోరు ఊరుకోదు). కాని ఒకటా, రెండా అని అడిగేసరికి మాత్రం నాకు మాట తోచదు. మా ఇంట్లో ఒక దుర్బీను రెండు కావడం నేను కళ్ళారా చూశాను మరి.

మా ఊరు ఆత్మకూరు నుంచి కృష్ణానది వైపు పోయే బండ్లబాట మీద ఉంది. దొరవారు గడీ మూసి పట్నం వెళ్ళిపోయేటప్పుడు, మా తాత దగ్గర తీసుకున్న గొర్రెలకు బదులుగా ఒక పెట్టె ఇచ్చిపోయారట. పెట్టెలో ఇత్తడి దుర్బీను, దానికి మూడు కాళ్ళ కొయ్య. తప్పిపోయిన గొర్రెలను వెతకడానికి పనికొస్తుందని తాత దాన్ని గుట్ట మీదికి మోసుకుపోయాడు. చూస్తే గొర్రెలన్నీ కాళ్ళు పైకెత్తుకుని మేస్తున్నాయి. "గిదేం కాలంరా, మంద మొత్తం తలకిందులైంది!" అని నోరెళ్ళబెట్టి దిగివచ్చినవాడు మళ్ళీ దాన్ని ముట్టలేదు. చుక్కలు చూసే దుర్బీనులో అన్నీ తలకిందులుగానే కనిపిస్తాయని ఆయనకు చెప్పేవాళ్ళు లేకపోయారు. చుక్కలకైతే తల ఎటో, కాళ్ళు ఎటో ఎవరికి పట్టింది? అందుకని తాత కొడుకులిద్దరూ, అంటే మా బాపూ, బాపు తమ్ముడైన మా చిన్నాయనా, దాన్ని ఆకాశంవైపు తిప్పారు.

మందను దొడ్లోకి తోలి, కాళ్ళు కడుక్కుని అన్నదమ్ములిద్దరూ మిద్దె ఎక్కితే ఇక కింద ఎవరు పిలిచినా పలికేవాళ్ళు కాదు. కన్ను పెట్టే చోటు ఒక్కటే గనుక ఒకరు చూస్తుంటే రెండోవాళ్ళు పక్కన గొంతుకూర్చుని, "ఏం కనవడ్తాంది? చెప్పు, జర చెప్పరాదే!" అని ప్రాణం తీసేవాళ్ళు. ఒకసారి కొడవలిలా సన్నబడ్డ శుక్రుణ్ణి చూశారు. ఒక ఎండాకాలమంతా శనిగ్రహాన్నీ, దాని చుట్టూ ఉన్న ఉంగరాన్నీ చూశారు. అది తెలిసి మా అవ్వ నెత్తీ నోరూ కొట్టుకుంది. "లోకమంత శని ఇంటికి రావద్దని మొక్కుతరు. మీరేమో మిద్దెక్కి మరీ పిలుస్తున్నరు గదరా!" అంది. ఆ తర్వాతి వానాకాలంలో ఇల్లు వేరుపడింది. అవ్వ చివరిదాకా ఆ మాట మీదే నిలబడింది. నిజానికి కారణం చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేటంత చిన్నది. మా అమ్మకూ చిన్నమ్మకూ చల్లకుండ దగ్గర మాటా మాటా పెరిగింది. ఆడవాళ్ళు మర్నాటికే మరిచిపోయారు గాని, వాళ్ళ తరఫున మొగవాళ్ళు మరిచిపోలేదు.

మావైపు పంపకాలకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు కోరుకోవాలి. తనకు ఏది మిగులుతుందో తెలియదు కనుక పెద్దవాడు చచ్చినట్టు సమంగానే వేస్తాడు. గొర్రెలు, పొలం, గొంగళ్ళు, ఇత్తడి బిందెలు అన్నీ సజావుగా తెగిపోయాయి. బావి తెగేది కాదు కనుక నీళ్ళకు వంతులు పెట్టారు. చివరికి దుర్బీను మిగిలింది. "బాయికి వెట్టినట్టే దీనికి గూడ వంతులు వెట్టుండ్రి. ఒకరోజు పెద్దోడు, ఒకరోజు చిన్నోడు" అన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన. "మరి ఒకని వంతు నాడు మబ్బు వడితే?" అన్నాడు ఇంకొకాయన. అక్కడ మొదలైంది చిక్కు. మబ్బు పట్టిన రోజు వంతు పోయినట్టా, మర్నాటికి జరిగినట్టా? పున్నమి ఎవరికి, అమావాస్య ఎవరికి? చంద్రుడు ఉన్న రోజు లాభమా, లేని రోజు లాభమా? జన్మలో ఒక్కసారి కూడా ఆ గొట్టంలో కన్ను పెట్టనివాళ్ళు పొద్దు గూకేదాకా గొంతులు చించుకున్నారు. కాలేజీ సెలవులకు మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన నేను అమావాస్యే మేలని చెప్పబోతే, "నువ్ సదువుకున్నోనివి, నడుమ మాట్లాడకు" అన్నారు.

బాపు చివాలున లేచాడు. దుర్బీను తెచ్చి, మరలు తిప్పి అందరి ముందూ ఊడదీశాడు. పెద్ద అద్దం ఉన్న ఇత్తడి గొట్టం ఒక వాటా. కంటి దగ్గర పెట్టుకునే చిన్న అద్దాలూ, మూడు కాళ్ళ కొయ్యా ఇంకో వాటా. "కోరుకో" అన్నాడు, తమ్ముడి మొహం చూడకుండా. చిన్నాయన గొట్టాన్నీ కొయ్యనూ మార్చి మార్చి చూశాడు. "వద్దన్నా, ఇప్పకు, ఒక్కతాన్నే ఉండనీయ్" అని ఆయన అంటే బాపు ఆగేవాడు. "ఎందుకు తమ్మీ ఇప్పుడు ఈ పంచుకునుడు?" అని బాపు అంటే ఆయన ఏడ్చేవాడు. ఇద్దరూ అనలేదు. చిన్నాయన మూడు కాళ్ళ కొయ్యను భుజాన వేసుకుని, చిన్న అద్దాలు రుమాల్లో కట్టుకుని వెళ్ళిపోయాడు. అసలు విలువైన పెద్ద అద్దం తమ్ముడు తీసుకుంటాడనే బాపు దాన్ని ముందు పెట్టాడు. అది అన్నకు ప్రాణమని చిన్నాయన వదిలేశాడు. బాపుకు మాత్రం, ఆ కోపంలో, అది ఇంకోలా తోచింది. "కాళ్ళు తీస్కపోయిండు చూడు! ఇగ నేను దీన్ని ఏడ నిలవెట్టుకోవాలె?" అన్నాడు. వారం తిరక్కుండా వాకిట్లో అడ్డంగా మట్టిగోడ లేచింది.

నా తెలివి బయటపడింది అప్పుడే. సైన్సు చదువుతున్నానన్న ధీమా ఒకటి ఉండేది కదా! పెద్ద అద్దానికి ఏదో ఒక చిన్న అద్దం దొరికితే ఒక దుర్బీను, చిన్న అద్దాలకు ఏదో ఒక పెద్ద అద్దం దొరికితే ఇంకో దుర్బీను. నష్టం ఎక్కడుంది? ఒకటి పోయి రెండు వస్తాయి! బాపు కోసం మహబూబ్‌నగర్‌లో గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చాను. కాళ్ళు లేవు కనుక గొట్టాన్ని ఎద్దుబండి నొగకు కట్టాను. గురి కుదిరేసరికి ఎద్దులు మెడలు విదిలించేవి, చంద్రుడు ఎగిరి అవతల పడేవాడు. చిన్నాయన కోసం మా అవ్వ కళ్ళజోడులోంచి ఒక అద్దం అడిగి తీసుకుని వెదురు బొంగుకు బిగించాను. మనవడు పెద్ద పని చేస్తున్నాడన్న గర్వంతో అవ్వ ఒక కన్ను మూసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంది (ఆ వారం మేమందరం రాళ్ళు నమిలాం). బాపు దుర్బీనులో చంద్రుడికి చుట్టూ ఎర్రంచు, నీలంచు వచ్చాయి. చిన్నాయన దుర్బీనులో చంద్రుడు బావి నీళ్ళలో ఊగుతున్నట్టు కనిపించాడు.

గోడకు అటూ ఇటూ తిరిగేవాణ్ణి నేనొక్కణ్ణే. బాపు పగ్గం పేనుకుంటూ, ఏమీ పట్టనట్టు, "ఆయనకెట్ల కనవడ్తాందట?" అని అడిగేవాడు. బాపు మనసు చల్లబడుతుందని, "నీదానికన్నా అధ్వాన్నం బాపూ, చంద్రుడు ఒక్కతాన నిలుస్తలేడు" అన్నాను. సంతోషిస్తాడనుకుంటే ఆయన మొహం వాడిపోయింది. "అయ్యో, కొయ్య కాళ్ళన్న మంచిగ ఆన్తున్నయా, లేదా?" అన్నాడు. గోడ అవతలికి పోతే చిన్నాయనదీ అదే వరస. "అన్న ఇంక బండిమీదికెక్కే చూస్తుండా? పడ్తడేమోరా, జర చెప్పు" అన్నాడు. ఇంత బెంగ ఉన్నవాళ్ళు గోడ మీదుగా ఒక్క మాట అనుకోవచ్చు కదా అని నాకు ఏడుపొచ్చేది. వాళ్ళు అనుకోలేదు. మెల్లగా బాపు బండి నొగకున్న తాళ్ళు విప్పేశాడు. చిన్నాయన వెదురు బొంగు దడిలో కలిసిపోయింది. రెండు దుర్బీనులున్న ఇంట్లో ఆకాశం చూసేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

నేను చదువు ముగించి నల్లగొండలో బడిపంతులుగా కుదురుకున్న కొన్నేళ్ళకు, చిన్నాయన కళ్ళలో పొరలు వచ్చాయని కబురొచ్చింది. దవాఖానకు తీసుకుపోవడానికి నేను బడికి రజా పెట్టి వెళ్ళాను. బండి కట్టేది మర్నాడు. ఆ సాయంత్రం బాపు ధాన్యం గుమ్మి వెనక నుంచి గుడ్డమూట తీసి చంకలో పెట్టుకుని, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా గోడ చుట్టూ తిరిగి తమ్ముడి వాకిట్లోకి వెళ్ళాడు. వెనకే నేను. "తమ్మీ, కొయ్య ఏడున్నది?" అన్నాడు. చిన్నాయన గొంతును బట్టి అన్నను పోల్చుకుని, తడుముకుంటూ తనే లోపలికి పోయి కొయ్యా, చిన్న అద్దాలూ తెచ్చాడు. అన్ని ఏళ్ళకు వాళ్ళ మధ్య మొదట పడ్డ మాట అదే.

బిగించే పని నాది. మూట విప్పి పెద్ద అద్దాన్ని వెలుగుకు పట్టుకున్నాను. అద్దమంతా గీతలు, పాలు పోసినట్టు తెల్లగా ఉంది. దడి పక్కన నిలబడ్డ మా అమ్మ గుసగుసగా చెప్పింది. బతికున్నన్నాళ్ళూ అవ్వ ప్రతి దసరాకూ కొడవళ్ళతోపాటు, నాగలితోపాటు దాన్నీ పూజలో పెట్టేదట. పూజకు ముందు బిందెను తోమినట్టు ఇటుకపొడీ చింతపండూ పెట్టి, కొడుకుల వస్తువని ఒకింత ఎక్కువే రుద్ది, నడిమధ్య పసుపూ కుంకుమా అద్దేదట. ఇప్పుడు ఎవరిని ఏమనాలి? నేను అద్దాన్ని గొట్టంలో పెట్టి మరలు తిప్పాను. పడమట శుక్రుడు పొడిచి ఉన్నాడు. గొట్టాన్ని అటు తిప్పి చిన్నాయనను కూర్చోబెట్టాము.

ఆయన చాలాసేపు చూశాడు. "కొడవలి లెక్కనే ఉన్నడు అన్నా. సన్నగ, మంచిగ కనవడ్తుండు" అన్నాడు. తర్వాత బాపు వంగాడు. "అవ్ తమ్మీ. గట్లనే ఉన్నడు. మనం చూసినప్పటి లెక్కనే" అన్నాడు. నా వంతు వచ్చింది. ఒక మసక మచ్చ తప్ప అందులో ఇంకేమీ లేదు. తనకు కనబడలేదంటే అన్న నొచ్చుకుంటాడని చిన్నాయన అబద్ధమాడాడు. బాపు తన దగ్గర ఉండి అద్దం చెడిందని తమ్ముడికి తెలియకూడదని అబద్ధమాడాడు. ఇద్దరూ నావైపు తిరిగారు. కాలేజీలో వెలుగు గురించీ అద్దాల గురించీ నేర్చుకున్నదంతా మింగేసి, "చాల సాఫ్‌గ ఉన్నది బాపూ" అన్నాను. "మళ్ల ఇప్పాల్నా?" అని నేను అడిగితే బాపు, "ఎందుకు? ఉండనీయ్" అన్నాడు.

దవాఖానలో పొరలు తీశారు గాని, లోపల నరం ముందే ఎండిపోయిందట. చిన్నాయనకు చూపు రాలేదు. అప్పటినుంచి రోజూ దీపాలవేళకు బాపు గోడ అవతలికి పోయి దుర్బీను ముందు కూర్చునేవాడు. ఆ మసకలో ఒక క్షణం కన్ను పెట్టి, ఆ తర్వాత గొట్టం పక్కనుంచి ఆకాశాన్ని ఉత్త కళ్ళతో చూసి, తమ్ముడికి అన్నీ చెప్పేవాడు. "పిల్లలకోడి ఎక్కిందా అన్నా?" "ఎక్కింది. పిల్లలన్ని ఉన్నయి." "గాలికి ఊగుతున్నయా?" "లేదు తమ్మీ, ఇయ్యాల గాలి లేదు." చిన్నాయన మొహం అచ్చం చూస్తున్నవాడి మొహంలాగే ఉండేది.

బాపుకైనా నిజం చుక్కలు చూపించాలనుకున్నాను. జీతంలో కొంత కొంత వెనకేసి, హైదరాబాదు పోయి కొత్త టెలిస్కోపు కొన్నాను. బస్సుల్లో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఊరికి తెచ్చాను. బాపు పెట్టె మూత తీయించి, తెల్లటి గొట్టాన్ని ఒకసారి నిమిరి చూసి, మళ్ళీ మూత వేశాడు. "మంచిగున్నది కొడుకా. కని మాకొకటి ఉన్నది గద. ఇదొకటి తెస్తే రెండైతయి. రెండైతే మళ్ల పంచుకునుడు వడ్తది" అన్నాడు. పక్కన చిన్నాయన, "అవ్‌రా బిడ్డా, మాకొద్దు. నువ్వే ఉంచుకో" అన్నాడు.

మర్నాడు ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, బహుమతి కాదన్నారని మూతి ముడుచుకుని, నల్లగొండ దాకా బస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ పడుచు పంతులును తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, నవ్వుతోపాటు కళ్ళూ తడుస్తాయి. గది చేరిన సాయంత్రమే దాన్ని బిగించి చూశాడు పాపం. శుక్రుడు ఎక్కడా మసక లేకుండా మెరిసిపోతూ కనిపించాడు. అరగంట అలాగే చూసి, ఎలా ఉన్నాడో చెబుదామని పక్కకు తిరిగాడు. గదిలో ఎవరూ లేరు.